లుసాకా సభాధ్యక్షుడు సెరెట్సే ఖామా

ఆఫ్రికా ఖండం పటం ముందు పెట్టుకుని దక్షిణ కొస దగ్గర చూస్తే, నాలుగు వైపులా పరాయి దేశాలే తప్ప ఏ వైపునా సముద్రం తగలని ఒక పెద్ద దేశం కనిపిస్తుంది. అదే బోట్స్వానా. విస్తీర్ణంలో ఇంచుమించు ఫ్రాన్సు దేశమంత వుంటుంది గానీ అందులో చాలా భాగం కలహారి ఎడారి. 1966 సెప్టెంబరు 30న ఆ దేశం స్వతంత్రమైననాడు జనాభా 6 లక్షల లోపు. దేశం మొత్తం మీద తారు వేసిన రోడ్డు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు 22 మంది. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, బ్రిటిష్ వాళ్ళు ఆ దేశాన్ని ఏలిన రాజధాని ఆ దేశంలోనే లేదు. సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్నంలో వుండేది. స్వాతంత్ర్యం దగ్గరపడ్డాక గాని గాబొరోన్ అనే పల్లెటూరి పక్కన హడావిడిగా కొత్త రాజధాని కట్టుకోలేదు.

ఆ దేశానికి మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా. ఆయన పేరు విన్నవాళ్ళలో చాలామందికి తెలిసింది ఆయన ప్రేమ వివాహం. దాని మీద 2016లో ఒక ఇంగ్లీషు సినిమా కూడా వచ్చింది. విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంచికకు ఒక వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు నేను రాయాలనుకున్నది మాత్రం ఆ పెళ్ళి గురించి కాదు. చనిపోవడానికి మూడున్నర నెలల ముందు, ఒంట్లో ఓపిక సన్నగిల్లిన స్థితిలో, ఆయన పొరుగుదేశపు రాజధాని లుసాకాకు వెళ్ళి తొమ్మిది దేశాల సభకు అధ్యక్షత వహించాడు. ఆ ప్రయాణం గురించి రాద్దామనుకున్నాను. అయితే ఆలోచించిన కొద్దీ నాకు తోచిందేమంటే, ఆ పెళ్ళి కథ చెప్పకుండా ఈ సభ కథ అర్థం కాదు. రెండింటిలోనూ వున్నది ఒకటే ప్రశ్న. బలమైన పొరుగువాడి మీద ఆధారపడి బతికేవాడికి స్వాతంత్ర్యం ఎంతవరకు వున్నట్టు?

సెరెట్సే 1921 జూలై 1న సెరోవే అనే ఊళ్ళో పుట్టాడు. ఆ దేశంలో పెద్ద తెగ అయిన బంగ్వాటో వాళ్ళ రాజవంశం ఆయనది. ఆయన తాతకీ తండ్రికీ చాలాకాలం పడలేదు. వాళ్ళు రాజీపడిన తరవాత పుట్టిన బిడ్డ కాబట్టి సెరెట్సే అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో ఆ మాటకి అతికించే బంకమట్టి అని అర్థం. పేరుకి తగ్గట్టే బతికాడని చెప్పుకోవడం తేలికే గానీ, ఆ బతుకు అంత తేలిగ్గా నడవలేదు.

ఆ తాత పేరు మూడో ఖామా. ఆయన సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. 1895లో ఆయన మరో ఇద్దరు నాయకులతో కలిసి ఓడెక్కి ఇంగ్లాండు వెళ్ళాడు. అప్పటికి సెసిల్ రోడ్స్ అనే కోటీశ్వరుడి కంపెనీ ఆ ప్రాంతాలన్నీ ఒక్కొక్కటిగా మింగుతోంది. తమ నేలని ఆ కంపెనీకి అప్పగించవద్దని, నేరుగా బ్రిటిష్ ప్రభుత్వ రక్షణలోనే వుంచమని ఆ ముగ్గురూ అక్కడ ఊరూరా తిరిగి జనానికి చెప్పుకున్నారు. మంత్రి జోసెఫ్ ఛాంబర్లేన్ చివరికి ఒప్పుకున్నాడు. బదులుగా తూర్పు అంచున రైలుమార్గం వేసుకోవడానికి కొంత భూమి వదులుకోవలసి వచ్చింది. దేశం దక్కింది, రైలుపట్టా మాత్రం పరాయివాళ్ళ చేతికి పోయింది. ఆ పట్టా సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

సెరెట్సేకి నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయాడు. గద్దె ఆ పిల్లవాడిదే అయినా, వయసు వచ్చేదాకా పినతండ్రి షెకెడీ ఖామా రాజ్యం చూశాడు. షెకెడీ గట్టివాడు, చదువు విలువ తెలిసినవాడు. అబ్బాయిని దక్షిణాఫ్రికాలోని మంచి బడులకు పంపాడు. 1944లో ఫోర్ట్ హేర్ కాలేజీలో డిగ్రీ అయ్యాక, యుద్ధం ముగిశాక, ఇంగ్లాండు పంపాడు. ఆక్స్‌ఫర్డులో కొన్నాళ్ళు, ఆ పైన లండన్‌లో బారిస్టరు చదువు. అక్కడ రూత్ విలియమ్స్ అనే తెల్ల అమ్మాయితో పరిచయమైంది. ఆమె ఒక ఆఫీసులో గుమస్తా. చర్చిలో పెళ్ళి జరగకుండా పెద్దలు అడ్డుపడితే, 1948 సెప్టెంబరు 29న రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నారు.

ముందు పినతండ్రే మండిపడ్డాడు. సెరోవేలో వాళ్ళ రచ్చబండ మీద, అంటే వాళ్ళు ఖోట్లా అనే చోట, ఈ విషయం మూడు విడతలుగా చర్చకు వచ్చింది. మొదటి రెండుసార్లూ జనం ఆయనకి ఎదురుగానే వున్నారు. 1949 జూన్‌లో జరిగిన మూడో సభలో వేలమంది లేచి నిలబడి, భార్యతో సహా ఆయన్ని తమ నాయకుడిగా ఒప్పుకున్నారు. ఇంటి గొడవ ఇంట్లోనే తీరింది. అక్కడితో కథ సుఖాంతం కావలసింది.

కాలేదు. కారణం దక్షిణాఫ్రికా. అక్కడ 1948లో మలాన్ ప్రభుత్వం వచ్చింది. తెల్లవాళ్ళకీ ఇతరులకీ మధ్య పెళ్ళిళ్ళు నిషేధిస్తూ 1949లో చట్టం చేసింది. సరిహద్దు పక్కనే ఒక నల్లరాజు తెల్లభార్యతో కాపురం చేయడం ఆ ప్రభుత్వానికి మింగుడుపడలేదు. బ్రిటన్ సంగతి చూద్దామా అంటే, యుద్ధంలో చితికిపోయి వుంది. దక్షిణాఫ్రికా బంగారం కావాలి, యురేనియం కావాలి. సెరెట్సే పాలనకి అర్హుడా కాదా అని విచారణ వేసింది. మనిషి అన్నివిధాలా అర్హుడే గానీ, దక్షిణాఫ్రికా స్నేహం చెడుతుంది కాబట్టి వద్దు అని ఆ విచారణలో తేలింది. ఆ నివేదికని బయట పెట్టడానికి లేబరు ప్రభుత్వానికి మొహం చెల్లలేదు, దాచేసింది. 1950లో మాట్లాడాలని ఆయన్ని లండన్ పిలిపించి, ఇక తిరిగి వెళ్ళడానికి వీల్లేదన్నారు. 1952లో చర్చిల్ ప్రభుత్వం ఆ బహిష్కారం శాశ్వతం అని ప్రకటించింది. జమైకాలో ఉద్యోగం ఇస్తామని ఆశపెట్టినా ఆయన లొంగలేదు. సెరోవేలో జనం పన్నులు కట్టడం మానేశారు. ఆయన వుండగా మరొకడిని గద్దె మీద ఎక్కించుకోమని మొండికేశారు.

నా ఉద్దేశంలో సెరెట్సే ఖామా రాజకీయశాస్త్రం నేర్చుకున్నది ఆక్స్‌ఫర్డులో కాదు, ఈ ఆరేళ్ళ ప్రవాసంలోనే. తన ఇంటి వ్యవహారాన్ని నిర్ణయించింది సెరోవే కాదు, నిజానికి లండన్ కూడా కాదు. లండన్‌కి ఎవరితో అవసరం వుందో వాళ్ళు. ఒక దేశానికి ఇంకో దేశంతో వుండే ఆర్థిక అవసరం ఎక్కడో వున్న మూడోవాడి బతుకుని ఎలా తలకిందులు చేస్తుందో, పుస్తకం అక్కరలేకుండా ఆయనకి తెలిసొచ్చింది.

1956లో రాజపదవి తనకీ తన పిల్లలకీ వద్దని రాసిచ్చి మామూలు పౌరుడిగా ఇంటికి చేరాడు. కొన్నాళ్ళు పశువులు పెంచుకున్నాడు. 1962లో బోట్స్వానా డెమోక్రాటిక్ పార్టీ పెట్టాడు. 1965 మార్చి ఎన్నికల్లో 31 స్థానాలకు 28 గెలిచి ప్రధానమంత్రి అయ్యాడు, మరుసటి ఏడు అధ్యక్షుడయ్యాడు. పుట్టుకతో వచ్చిన గద్దె పోయింది, ఓటుతో వచ్చిన గద్దె దక్కింది. ఏ దక్షిణాఫ్రికా కోసమైతే తనని ఇంటికి రానివ్వలేదో, ఆ దక్షిణాఫ్రికా పక్కనే కాపురం పెట్టి దేశం నడపాలి.

ఆ కాపురం ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి. బోట్స్వానాలోకి ఉప్పు, పెట్రోలు, బట్టలు, యంత్రాలు అన్నీ దక్షిణాఫ్రికా గుండానే రావాలి. చెలామణీలో వున్న డబ్బు దక్షిణాఫ్రికా రాండ్. వేలాదిమంది యువకులు జోహానెస్‌బర్గ్ గనుల్లో కూలికి పోతేగాని ఇళ్ళు గడవవు. దేశంలో వున్న ఒక్క రైలుమార్గమూ, అదే 1895లో తాత వదులుకున్న భూమి మీది పట్టా, రొడీషియా రైల్వేల ఆధీనంలో వుంది. రొడీషియాలోనూ పిడికెడు తెల్లవాళ్ళ ప్రభుత్వమే. పడమటి పక్క నమీబియా కూడా దక్షిణాఫ్రికా గుప్పిట్లోనే. ఒక్క ఉత్తరాన, కజుంగులా దగ్గర జాంబెజీ నది మీద, జాంబియాతో కొద్ది వందల గజాల సరిహద్దు వుంది. అక్కడ వంతెన లేదు, ఒక పంటు నడిచేది. అసలు అక్కడ సరిహద్దే లేదు పొమ్మని దక్షిణాఫ్రికా 1970లో వాదించింది. ఖామా ఒప్పుకోలేదు. అమెరికా సాయంతో ఆ పంటు రేవు దాకా రోడ్డు వేయించాడు. ఆ సన్నని సందే తన దేశానికి స్వతంత్ర ఆఫ్రికా వైపున్న కిటికీ అని ఆయనకి తెలుసు.

ఇటువంటి స్థితిలో ఒక నాయకుడికి రెండు దారులు కనిపిస్తాయి. వీరావేశంతో తెగతెంపులు చేసుకుని జనాన్ని ఆకలికి అప్పజెప్పడం ఒకటి. తల వంచి పొరుగువాడు పెట్టింది తిని పడివుండడం రెండోది. ఖామా రెండూ కాదన్నాడు. దక్షిణాఫ్రికాతో రాయబారుల మార్పిడికి ఒప్పుకోలేదు, వర్ణవివక్షని ఐక్యరాజ్యసమితిలోనూ బయటా ఖండిస్తూనే వచ్చాడు. పారిపోయి వచ్చిన శరణార్థులకి చోటు ఇచ్చాడు. గెరిల్లాలకి స్థావరాలు మాత్రం ఇవ్వలేనని తన మిత్రులకి దాపరికం లేకుండా చెప్పాడు. అదే సమయంలో దక్షిణాఫ్రికాతో కస్టమ్స్ కూటమిలో కొనసాగాడు.

ఆ కస్టమ్స్ కూటమి 1910 నాటిది. దిగుమతి సుంకాల ఆదాయంలో దక్షిణాఫ్రికాకి నూటికి దాదాపు 98.7 వంతులు, మిగతా మూడు చిన్న దేశాలకీ కలిపి ఒకటిన్నర కూడా లేదు. ఆ లెక్క సగం శతాబ్దం పైగా అలాగే నడిచింది. ఖామా ప్రభుత్వం దీన్ని తిరగదోడింది. ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరే, ఆయన అధికారులు లెక్కల పుస్తకాలు పట్టుకుని బేరానికి కూర్చున్నారు. 1969 డిసెంబరులో కొత్త ఒప్పందం కుదిరి బోట్స్వానా వాటా బాగా పెరిగింది. 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. భూగర్భ సంపద తెగలది కాదు, దేశానిది అని చట్టం చేశారు. సొంత తెగ నేలలో దొరికిన సంపదని దేశం పేర రాయించిన రాజు ఎందరుంటారు? డి బీర్స్ కంపెనీతో మొదట ప్రభుత్వం వాటా నూటికి 15 మాత్రమే. 1975 నాటికి మళ్ళీ బేరమాడి 50కి తెచ్చారు. 1970ల మొదట్లోనే రోజువారీ ఖర్చులకి బ్రిటన్ ఇచ్చే గ్రాంటు అవసరం లేకుండా పోయింది. 1976 ఆగస్టు 23న సొంత నాణెం వచ్చింది. దాని పేరు పులా, అంటే వాన. ఎడారి దేశంలో అంతకన్నా విలువైనది ఏముంది?

ఇక్కడ విద్యార్థులకి సంబంధించిన ఒక ఘట్టం చెప్పి ముందుకు పోతాను. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ బోట్స్వానా, లెసోతో, స్వాజీలాండ్ మూడు దేశాలకీ కలిపి ఒకటే విశ్వవిద్యాలయం వుండేది. ప్రధాన ప్రాంగణం లెసోతోలోని రోమా ఊళ్ళో. పేద దేశాలు కలిసి చదువు చెప్పించుకోవడానికి అది చక్కని ఏర్పాటు. కానీ ఖర్చులెవరివి, కొత్త భవనాలెక్కడ అనే తగాదాలు ముదిరి 1975 అక్టోబరులో లెసోతో ఆ ప్రాంగణాన్ని జాతీయం చేసి వేరుపడింది. బోట్స్వానా విద్యార్థులు పెట్టేబేడా సర్దుకుని ఇంటిదారి పట్టారు. దేశంలో విశ్వవిద్యాలయం లేదు, కట్టడానికి డబ్బు లేదు.

అప్పుడు ఖామా జనం ముందుకు వెళ్ళి మనిషికో పశువు అనే పిలుపు ఇచ్చాడు. పశువే ఆస్తి అయిన దేశం అది. పశువు వున్నవాడు పశువుని తోలుకొచ్చాడు, లేనివాడు ధాన్యం తెచ్చాడు, కోడిగుడ్లు తెచ్చినవాళ్ళూ వున్నారు. అలా గాబొరోన్‌లో ప్రాంగణం లేచింది. తరవాత 1982లో అది బోట్స్వానా విశ్వవిద్యాలయం అయింది. కాలేజీ గోడల మధ్య కూర్చుని ఈ సంచిక చదువుతున్న మనకి, ఒక ముసలమ్మ ఇచ్చిన గుడ్డు కూడా ఒక గోడలో ఇటుక కాగలదని తెలియడం మంచిదే. ఖామాకి మాత్రం ఇందులో ఇంకో పాఠం కూడా వుంది. దేశాల మధ్య సహకారం అనేది మంచి మనసు మీద నిలబడదు. ఎవరి ఇంట్లో ఏముంటుంది, ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్నది ముందే తేల్చుకోకపోతే, సదుద్దేశం పదేళ్ళకి కోర్టు తగాదాలా తయారవుతుంది. ఖండానికి తూర్పున కెన్యా, ఉగాండా, టాంజానియాలు కలిసి 1967లో పెట్టుకున్న తూర్పు ఆఫ్రికా సముదాయం కూడా సరిగ్గా ఇలాంటి లెక్కల దగ్గరే తగువుపడి 1977లో కూలిపోయింది.

1970ల నడిమికి వచ్చేసరికి దక్షిణాన పరిస్థితి మారింది. 1975లో పోర్చుగీసువాళ్ళు అంగోలా, మొజాంబిక్‌లు వదిలిపోయారు. టాంజానియా నుంచి నైరేరే, జాంబియా నుంచి కౌండా, మొజాంబిక్ నుంచి మాషెల్, అంగోలా నుంచి నెటో, బోట్స్వానా నుంచి ఖామా తరచూ కలుసుకుని రొడీషియా విముక్తి గురించి మాట్లాడుకునేవారు. వీటినే సరిహద్దు పోరాట దేశాలు అనేవారు. ఆ అయిదుగురిలో కొందరు సోషలిస్టులు, కొందరు మార్క్సిస్టులు. ఖామా ఏ ఇజమూ పట్టుకోని మనిషి. ప్రైవేటు పెట్టుబడిని రమ్మన్నవాడు, బహుళపక్ష ఎన్నికలు వదలనివాడు. అయినా ఆ గుంపులో ఆయన మాటకి విలువ వుండేది. ఎందుకంటే, చేయగలిగినంతకు మించి ఆయన ఎన్నడూ మాట ఇవ్వలేదు.

దానికి మూల్యం కూడా చెల్లించాడు. 1977 దాకా బోట్స్వానాకి సైన్యమే లేదు. రొడీషియా సైనికులు సరిహద్దు దాటి వచ్చి దాడులు చేస్తుంటే తప్పనిసరై పెట్టుకున్నారు. 1978 ఫిబ్రవరి 27న లెసోమా ఊరి దగ్గర ఆ కొత్త సైన్యంలో 15 మంది కుర్రాళ్ళు రొడీషియా వాళ్ళ చేతిలో చచ్చిపోయారు. 1979 ఏప్రిల్‌లో కజుంగులా పంటుని కూడా రొడీషియా సైన్యం పేల్చి ముంచేసింది. తెరిచి పెట్టుకున్న ఆ ఒక్క కిటికీ కూడా మూతపడింది.

ఆ 1979లోనే రెండు వైపుల నుంచి రెండు ఆలోచనలు బయలుదేరాయి. దక్షిణాఫ్రికా ప్రధాని పి.డబ్ల్యు. బోథా, చుట్టుపక్కల రాజ్యాలన్నీ తన చుట్టూ చేరాలని ఒక నక్షత్రమండలం పథకం ప్రకటించాడు. పేరు అందంగానే వుంది. సూర్యుడు ప్రిటోరియాలో వుంటాడు, తక్కినవాళ్ళు చుట్టూ తిరగాలి. రొడీషియాలో బిషప్ ముజొరేవా వంటి అనుకూలుడు నిలబడితే ఆ దేశమూ అందులోకే వస్తుందని బోథా లెక్క. ఇటు పక్క సరిహద్దు దేశాల విదేశాంగ మంత్రులు 1979 మేలో గాబొరోన్‌లో కలిశారు. రాజకీయ విముక్తి సరే, ఆర్థిక విముక్తి మాటేమిటి అన్నది అక్కడ చర్చకు వచ్చింది. జూలైలో టాంజానియాలోని అరూషాలో ఆ ఆలోచనని దాతల ముందు పెట్టారు. డిసెంబరులో లండన్ చర్చలు ముగిసి రొడీషియాలో ఎన్నికలకి ఒప్పందం కుదిరింది. 1980 మార్చి 4న ఫలితాలు వచ్చాయి. గెలిచింది ముజొరేవా కాదు, రాబర్ట్ ముగాబే. బోథా నక్షత్రమండలంలో నడిమి నక్షత్రం రాలిపోయింది.

సరిగ్గా 28 రోజులకి, 1980 ఏప్రిల్ 1న, లుసాకా సభ. అంగోలా, బోట్స్వానా, మొజాంబిక్, టాంజానియా, జాంబియాలతో పాటు లెసోతో, మలావీ, స్వాజీలాండ్‌లు వచ్చాయి. ఇంకా పూర్తిగా స్వతంత్రం రాని జింబాబ్వే తరఫున కాబోయే ప్రధానిగా ముగాబే వచ్చాడు. మొత్తం తొమ్మిది. వీళ్ళలో దక్షిణాఫ్రికాతో రాయబార సంబంధాలు పెట్టుకున్న మలావీ వుంది, చుట్టూరా దక్షిణాఫ్రికాయే వున్న లెసోతో వుంది, దానితో యుద్ధంలో వున్న అంగోలా వుంది. అయిదేళ్ళ క్రితం విశ్వవిద్యాలయం తగాదాలో బోట్స్వానాని ఇరకాటంలో పెట్టిన లెసోతోతో అదే బల్ల దగ్గర ఖామా మళ్ళీ కూర్చున్నాడు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది.

సభ అధ్యక్షస్థానం ఖామాది. ఆర్థిక విముక్తి వైపు అని మకుటం పెట్టి ఒక ప్రకటన మీద తొమ్మిది దేశాలూ సంతకాలు చేశాయి. ఆధారపడడం తగ్గించుకోవాలి. ప్రధానంగా దక్షిణాఫ్రికా మీద, కానీ దాని మీద మాత్రమే కాదు. అందరికీ న్యాయమైన వాటా వుండే బంధాలు వేసుకోవాలి. వున్న వనరులు కూడగట్టాలి. బయటి సాయం అడిగేటప్పుడు విడివిడిగా కాక కలిసి అడగాలి. స్థూలంగా ఇంతే. ఎగుమతుల దిగుమతుల పన్నులు ఎత్తేస్తామని గానీ, ఒకే మార్కెట్టు కడతామని గానీ గొప్పలు లేవు. ముందు రోడ్లు, రైళ్ళు, రేవులు, టెలిఫోన్లు చూసుకుందామన్నారు. సరుకు కదలడానికి దారే లేనప్పుడు సుంకం తీసేస్తే ఏం లాభం?

పని పంచుకున్న తీరు కూడా చూడదగ్గది. పెద్ద సచివాలయం, వందలాది ఉద్యోగులు వద్దనుకున్నారు. ఒక్కో దేశానికి ఒక్కో బాధ్యత అప్పజెప్పడం పద్ధతిగా పెట్టుకున్నారు. రేవులున్న మొజాంబిక్‌కి రవాణా, చమురున్న అంగోలాకి విద్యుత్తు, ఇంధనం, పంటలున్న జింబాబ్వేకి ఆహార భద్రత, పశువులున్న బోట్స్వానాకి పశువ్యాధుల నివారణ. ఎవరి ఇంట్లో వున్న పని వాళ్ళే చేస్తారు, ఎవరి మీదా ఎవరి పెత్తనమూ లేదు. తూర్పు ఆఫ్రికా సముదాయం చచ్చిన చోటు చూసి, రోమా ప్రాంగణం చీలిన చోటు చూసి, జాగ్రత్తగా అడుగు వేసిన పద్ధతి ఇది. ఈ కూటమినే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సాడెక్ అన్నారు. దానికి మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా. కూటమి కార్యాలయం కూడా తరవాత గాబొరోన్‌లోనే పెట్టారు. ఒకనాడు సొంత రాజధానికే దిక్కులేని దేశంలో తొమ్మిది దేశాల కార్యాలయం!

ఆయనకి చాలాకాలంగా మధుమేహం. 1976లో గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. 1980 ఏప్రిల్ 18న జింబాబ్వే స్వతంత్రం కావడం చూశాడు. జూన్‌లో లండన్ డాక్టర్లు క్లోమంలో క్యాన్సరు ముదిరిపోయిందని తేల్చారు. ఒకప్పుడు ఇంటికి పోనివ్వని ఊరు అది. ఈసారి ఎవరూ ఆపలేదు. ఇంటికి వచ్చి జూలై 13న కన్నుమూశాడు. వయసు 59. సెరోవేలో తాత తండ్రుల పక్కన సమాధి చేశారు. మసీరే అధ్యక్షుడయ్యాడు. మిలిటరీ తిరుగుబాటు గాని, వారసుల కొట్లాట గాని లేదు.

పోయినవాళ్ళని పొగడడం మన అలవాటు కాబట్టి, లెక్క రెండు వైపులా చూడాలి. లుసాకాలో రాసుకున్నది జరిగిందా అంటే, చాలా భాగం జరగలేదు. దక్షిణాఫ్రికా ఊరుకోలేదు. దాని అండతో తిరుగుబాటు ముఠాలు మొజాంబిక్‌లో రైలుపట్టాలు పీకేశాయి, అంగోలాలో బెంగ్వేలా రైలుమార్గం మూతపడింది. మొజాంబిక్ రేవులకి దారి తెగిపోయిన మలావీ సరుకు ఇంకా దూరం తిరిగి దక్షిణాఫ్రికా రేవులకే పోవలసి వచ్చింది. 1985 జూన్ 14న దక్షిణాఫ్రికా కమాండోలు గాబొరోన్ మీదే పడి 12 మందిని చంపారు. ఇంటి విషయానికి వస్తే, బోట్స్వానా ఒక పరాధీనత వదిలించుకోబోయి వజ్రాల మీద ఆధారపడడం మొదలుపెట్టింది. ఆ బెడద ఇవాళ్టికీ వుంది. పశువుల మందలు, గడ్డిభూములు కొద్దిమంది చేతుల్లో చేరాయి. కలహారిలో అనాదిగా బతికిన సాన్ జనానికి ఈ అభివృద్ధిలో న్యాయమైన వాటా రాలేదు. ఈ లోపాలకి ఖామా కాలంలోనూ వేళ్ళున్నాయి. దాచి ప్రయోజనం లేదు.

అయినా నిలిచింది ఏమిటి? కూటమి నిలిచింది. 1992లో అది సంఘంగా మారింది. వర్ణవివక్ష అంతరించాక 1994లో దక్షిణాఫ్రికా తానే వచ్చి అందులో సభ్యురాలైంది. తన చుట్టూ తిరగమన్న దేశం, తనని తప్పించడానికి పుట్టిన బల్ల దగ్గరికే కుర్చీ అడిగి కూర్చుంది. దక్షిణాసియాలో మనం 1985లో ఢాకాలో సార్క్ పెట్టుకున్నాం. ఒక పెద్ద దేశం, చుట్టూ చిన్న దేశాలు. చిన్నవాళ్ళ వైపు నుంచి ఆ బల్ల ఎలా కనిపిస్తుందో మనం తరచుగా ఆలోచించం. ఖామా జీవితం చదివితే ఆ ఆలోచన వస్తుంది. ఆయన దేశంలో ఎన్నికల అలవాటు కూడా నిలిచింది. 2024 ఎన్నికల్లో ఆయన పెట్టిన పార్టీ 58 ఏళ్ళ తరవాత ఓడిపోతే, అధికారం నిశ్శబ్దంగా చేతులు మారింది.

అర్థశాస్త్రం చదివే మిత్రులకి నాదొక మాట. ప్రాంతీయ సహకారం అనే పాఠంలో పట్టికలూ సూత్రాలూ వుంటాయి, చదవండి. వాటి వెనక, పంటు మునిగిపోయిన రేవు ఒడ్డున ఆగిపోయిన లారీ డ్రైవరు వుంటాడు. ఇంటికి వెళ్ళనివ్వని భర్త కోసం కాచుకున్న భార్య వుంటుంది. గుడ్డు పట్టుకుని వచ్చిన ముసలమ్మ వుంటుంది. ఈ మనుషుల్ని మరిచిపోకుండా బేరానికి కూర్చున్నవాడు కాబట్టే సెరెట్సే ఖామా గొంతు పెంచకుండా నెగ్గుకొచ్చాడని నేను నమ్ముతాను.

1979లో పంటు మునిగిన ఆ కజుంగులా దగ్గర 2021 మే 10న వంతెన తెరిచారు. పొడవు 923 మీటర్లు, రోడ్డూ రైలూ రెండూ దాని మీదే. వంతెన తిన్నగా వుండదు, జింబాబ్వే నేల తగలకుండా వంపు తిరిగి వుంటుంది. పొరుగువాళ్ళంతా ఒక మాట మీదికి రావడం ఎంత కష్టమో ఆ వంపు చెబుతుంది. వంపు తిరిగినా సరే, లారీలు అవతలి ఒడ్డుకి చేరుతున్నాయి.